కనుఱెప్పల కుంచెలు

అలంకారసామగ్రి నమ్ము నంగడిలో నడుగుపెట్టిన స్త్రీ చూపు మొట్టమొదట రంగులమీదనే వ్రాలును. నెమలికంఠపు నీలము, రాగిచెంబు నెఱుపు, పండిన నిమ్మపసుపు, పావురపు బూడిదవన్నె. ఒక్కొక్క పెట్టెలో 18 గదులు, 24 గదులు. ఆ రంగుల నెంచుటకు అరగంట పట్టును. బేరమునకు మఱియొక పావుగంట. పిమ్మట ఆ పెట్టెలోనే యొక మూలను పడియున్న స్పాంజితల చిన్నపుల్లను జూచి, "పూసికొనుటకు ఇది యున్నది గదా" యని తృప్తిపడి యింటికి వచ్చెదము. అద్దముముందు గూర్చుండి ఆ పుల్లతో రాచికొన్న తరువాత, అంగడిలో నంత యింపుగా నున్న రంగు మన ఱెప్పపై మరకవలె గనబడును. అప్పుడు రంగును నిందింతుము. కొందఱు తమ మేనిచాయను నిందించుకొందురు. తమ కన్నులనే నిందించుకొనువారును గలరు. కుంచెను నిందించినవారిని మాత్రము మేమింతవఱకు చూడలేదు.

మన పూర్వు లీ విషయమున నింత యజాగ్రత్తగా నుండలేదు. వాగ్భటాచార్యుని అష్టాంగహృదయమున సూత్రస్థానమందు కంటికి బెట్టు అంజనములను జెప్పుచు, అంజనమునకెంత ప్రాధాన్యమో దానిని పెట్టు శలాకకు నంత ప్రాధాన్య మీయబడినది. శలాక 10 అంగుళముల పొడవుండవలెను. నడుమ సన్నమై కొన పూమొగ్గవలె నుండవలెను. అంతియేకాదు. దోషమును గీచివేయు లేఖనాంజనమునకు రాగిది మంచిది. మాన్పునట్టి రోపణాంజనమునకు ఇనుపది గాని వ్రేలు గాని. కంటిని దేటపఱచు ప్రసాదనాంజనమునకు బంగారుది గాని వెండిది గాని. మేము చిన్ననాట మా తండ్రిగారి యొద్ద ఈ భాగమును జదువునపుడు, "మందులు వేఱైనంతమాత్రమున పుల్లలును వేఱుగా నుండవలెనా?" యని యడిగితిమి. "అన్నము వడ్డించు గరిటెతో నేయి వడ్డింతువా?" యని వారు బదులు చెప్పిరి. ఇపుడు ఐషాడో యని పిలువబడు ఱెప్పరంగునకును ఆ గరిటెల న్యాయమే వర్తించునని మా యభిప్రాయము. రంగు రెండవది, కుంచె మొదటిది.

ఇది వట్టి మాటగా దోచకుండుటకై, ఆ రంగుపొడిలో నేమున్నదో కొంచెము చెప్పవలసియున్నది. పెట్టెలో మెఱయు రంగులు వేఱు, మెఱయనివి వేఱు. మెఱయని వానిలో ముఖ్యముగా నుండునవి సుద్దవలె మెత్తనైన టాల్కుపొడియు, ఇనుపతుప్పు జాతికి జెందిన ఎఱుపు, పసుపు, నలుపు రంగులును. మెఱయు వానికి ఆధారము అభ్రకము, అనగా మైకా. గూడూరు ప్రాంతపు గనులవలన మనవారికి ఈ ఖనిజము చిరపరిచితమే. అభ్రకము రేకులు రేకులుగా విడిపోవును. ఎంత మెత్తగా నూఱినను ఆ రేకుల స్వభావము పోదు. ఆ సూక్ష్మపు రేకులపై టైటానియం డయాక్సైడు పూతను పలుచగా బట్టించినచో ముత్యపు వన్నె పుట్టును. ఇక, రేకులన్నియు ఱెప్పపై పడుకొనియున్నచో అద్దపు ముక్కలవలె వెలుగు నొకే దిక్కునకు పంపును. వానిని అటునిటు రాచి చెదరగొట్టితిమా, ఒకటి తూర్పు, ఒకటి పడమర చూచుచు మెఱుగంతయు జెడును. సగము చెంపలపై రాలును. కావున మెఱయు రంగును అద్దవలెను. మెఱయని రంగును తుడుచుచున్నట్లు పలుచగా బఱవవలెను. అద్దుటకు దట్టమైన చదునుకుంచె కావలెను. పఱచుటకు వదులైన కుచ్చుకుంచె కావలెను. ఒక్క కుంచెతో ఈ రెండు పనులును గావు. ఇది యెవరి యభిరుచియు గాదు, పొడియొక్క స్వభావము.

కుంచెకు మూడు భాగములు: పిడి, పొన్ను, కుచ్చు. రోకలికి పొన్ను తొడిగినట్లే కుంచెకును లోహపు పొన్ను తొడిగి, దానిలో జిగురుతో వెండ్రుకలను బిగింతురు. వెండ్రుకలు రెండు తెగలు. మేక, ఉడుత, గుఱ్ఱము మొదలైన జంతువులవి యొక తెగ. నైలాను మొదలైన కృత్రిమపు పోగులు రెండవ తెగ. జంతువు వెండ్రుకను సూక్ష్మదర్శినిలో జూచినచో దానిపై చేపపొలుసులవంటి పొరలు గనబడును. ఆ పొలుసులలో పొడి నిలుచును; మెల్లమెల్లగా వదలును. కృత్రిమపు పోగు నునుపు గనుక నూనె గలిసిన ముద్దరంగును తాను పీల్చుకొనక ఱెప్పకే యిచ్చివేయును. పూర్వము పొడికి జంతువు వెండ్రుకయే శ్రేష్ఠమనెడివారు. ఇపుడు కృత్రిమపు పోగులను సైతము కొనలు సన్నగిల్లునట్లును వంకరలు తిరిగియుండునట్లును చేయుచున్నారు గనుక పొడియు వానిలో బాగుగనే నిలుచుచున్నది. మాకు జీవహింస లేనిదే యిష్టము. పైగా నవి త్వరగా ఆరును, ధరయు తక్కువ.

జంతువుల వెండ్రుకల మాట వచ్చినది గనుక మఱియొక సంగతి చెప్పకుండ నుండలేము. చిత్రకారుల కుంచెలకై ముంగిసలను జంపు దురాచారము మన దేశమున చాలకాలమునుండి యున్నది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే నది నేరము. పంచతంత్రములో పాముబారినుండి పసిబిడ్డను గాచిన ముంగిసను తొందరపాటున జంపిన కథ చదివి కన్నీరు గార్చినవారమే, దాని తోకవెండ్రుకను మన చేత బట్టుట న్యాయమా? అంగడివాడు "అసలు వెండ్రుక" యని గర్వముగా జెప్పినచో "ఏ జంతువుది?" యని యడుగుడు. చెప్పలేకపోయినచో తిరిగి యిచ్చివేయుడు.

కుంచెల పనితనమున జపానుదేశము పేరుపొందినది. అచట హిరోషిమా మండలములో కుమానో యను నూరు కలదు. ఆ దేశమున తయారగు కుంచెలలో నధికభాగము ఆ యూరివే. మొదట అక్షరములు వ్రాయు కుంచెలు కట్టినవారే పిమ్మట అలంకారపు కుంచెలును గట్టుచున్నారు. వెండ్రుకల కొనలను కత్తెరతో సమముచేయక, పుట్టుకతో వచ్చిన సన్నని కొనలే పైకి వచ్చునట్లు పేర్చి ఆకారము గల్పించుట వారి పద్ధతి. కత్తిరించిన కొన మొద్దుబారి గ్రుచ్చుకొనును; సహజమైన కొన గ్రుచ్చుకొనదు. 2011లో స్త్రీల ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలో జపాను జట్టు గెలిచివచ్చినపుడు ఆ దేశపు ప్రభుత్వము వారికి జాతీయ గౌరవ పురస్కారమునిచ్చి, దానితో గానుకగా నిచ్చినవి కుమానో కుంచెలే. మైదానమున బంతిని దన్నిన వనితలకు ముఖాలంకారపు కుంచెలేమని మావారు నవ్విరి. గెలిచిన పురుషులకు గడియారము లిచ్చుట లేదా యని మేమంటిమి.

అంత విలువగల కుంచెలు మనకక్కఱలేదు. మన పట్టణములలో దొఱకు వానిలోనే మంచి చెడ్డలు తెలిసికొను నుపాయములు గలవు. కుంచెను మోచేతి లోపలివైపున, మణికట్టునకు పైగా, మెల్లగా నద్దిచూడవలెను. దేహమంతటిలో కనుఱెప్ప చర్మమే మిక్కిలి పలుచనిది. చేతిపై చుఱుక్కుమన్నది ఱెప్పపై మంట పెట్టక మానదు. తరువాత కుచ్చును వ్రేళ్లనడుమ బట్టి మెత్తగా లాగవలెను. కొత్తకుంచె యొకటి రెండు వెండ్రుకలు విడుచుట సహజము. అయిదాఱు వచ్చినచో జిగురు మంచిది కాదు. పొన్నును బట్టి పిడిని త్రిప్పిచూడవలెను, కదలరాదు. కుచ్చును వంచి విడిచినచో మరల నిలువవలెను. పిడి రంగు, పెట్టెమీది బొమ్మ, పేరులోని ఆర్భాటము, వీనిని జూడవలసిన పనిలేదు. పిడి పొడవు మాత్రము కొంచెము చూచుకొనుడు. మఱియొకరికి రంగు వేయువారికి పొడుగుపిడి సుఖము. తనకుతానే వేసికొనునపుడు అద్దమునకు దగ్గఱగా జరుగవలసియుండును గనుక పొట్టిపిడియే నయము. లేకున్న పిడికొన అద్దమునకు దగిలి కుచ్చు కంటిలో బొడుచును.

ఇక ఎన్ని కుంచెలు కావలెనను ప్రశ్న. అంగళ్లలో 12 కుంచెల కట్టలు అమ్ముదురు. మాకును బంధువు లొకరు అట్టి కట్టను బహూకరించిరి. అందు నాలుగింటితో మా పని యంతయు జరుగుచున్నది. మిగిలిన వానిలో నొకటి పూజామందిరమున విగ్రహముల సందులలో గంధపుపొడిని దులుపుచున్నది. అది దానికి దగిన పదవియే. తక్కినవి పెట్టెలో నున్నవి.

ఆ నాలుగిటి నెఱుగుటకు శ్రీకాళహస్తి కలంకారీవారి పనిని దలచుకొన్నచో సులభము. వారు వెదురుపుల్లను చెక్కి, దానికి గుడ్డనో ఉన్నినో చుట్టి దారముతో గట్టి కలమును జేసికొందురు. రేఖ గీయు కలము కొన సూదిగా నుండును. లోపల రంగు నింపు కలము కొన మొద్దుగా నుండును. నింపుకలముతో రేఖ గీచినచో దేవతామూర్తి కనుబొమ గొంగళిపురుగు వలె నుండును. మన నాలుగు కుంచెలలో మొదటిది నింపుకలమువంటిది. దీనిని ఫ్లాట్ షేడర్ అందురు. చదునుగా, దట్టముగా, కొన కొంచెము గుండ్రముగా నుండును. ఱెప్ప నడిమిభాగమున రంగును, ముఖ్యముగా మెఱయు రంగును, అద్దుటకిది. దీని వెడల్పు మన ఱెప్ప వెడల్పులో సగమునకు మించరాదు. చిన్నకన్నులవారు పెద్దకుంచె కొనుటవలననే రంగు కనుబొమ వఱకు బ్రాకుచున్నది.

రెండవది బ్లెండింగ్ బ్రష్. మా లెక్కలో నిదియే రాణి. వదులుగా, మెత్తగా, కొన గుమ్మటమువలె నుండును. ఱెప్పమడతలో మెఱయని రంగును పలుచగా బఱచుటకును, రెండు రంగుల నడిమి సరిహద్దును చెఱపుటకును ఇది. ఒక్క కుంచెకు మాత్రమే డబ్బున్నదనువారు దీనిని కొనవలెను. అద్దుటకు వ్రేలు చాలును. ఉంగరపువ్రేలు మిగిలిన వ్రేళ్లకంటె తక్కువ ఒత్తును గనుక ఱెప్పకు సురక్షితము. వాగ్భటుడు వ్రేలిని సైతము శలాకలలో జేర్చుట మఱవవద్దు. చేతులు కడుగుకొనుట మాత్రము మఱవరాదు. ఈ కుంచెను పట్టుట యందొక రహస్యమున్నది. పొన్ను దగ్గఱ బట్టినచో చేయి బరువంతయు కొనపై బడును. పిడి చివర బట్టి, ముగ్గునకు పిండి వదలునంత తేలికగా, అర్ధచంద్రాకృతిలో అటునిటు నడపవలెను. రంగు చాలలేదనిపించినచో మరల కొంచెము తీసికొనుడు. ఒకేసారి ముంచి తీసికొన్న రంగును తగ్గించుట బ్రహ్మతరము గాదు.

మూడవది పెన్సిల్ బ్రష్. సీసపుపెన్సిలు చెక్కినట్లు కొనదేరి, పొట్టిగా, దట్టముగా నుండును. కనుగొలుకున లేతరంగు చుక్క పెట్టుటకును, క్రిందిఱెప్ప వెండ్రుకల వెంట రంగును దిద్దుటకును, కాటుకరేఖను మెత్తగా జెదుపుటకును ఇదియే. నాలుగవది యేటవాలుగా గోసిన యాంగిల్డ్ బ్రష్. తడిపి నల్లరంగులో నద్ది పైఱెప్ప వెండ్రుకల మొదట సన్నని గీత గీయుటకును, కనుబొమల సందులు పూరించుటకును పనికివచ్చును. దీనికి కృత్రిమపు పోగే మంచిది. తడిసినను బిఱుసు చెడదు.

అలంకారమునుబట్టి ఈ నాలుగును తమలో తాము ప్రాధాన్యము మార్చుకొనును. పేరంటమునకో గుడికో పోవునపుడు రెండవదియు మూడవదియు చాలును. ఱెప్పమడతలో మేనిచాయకంటె ఒక్క పాలు ముదురైన గోధుమవన్నెను పఱచి, కాటుకను పెన్సిల్ బ్రష్‌తో ఒక్కసారి తాకించి విడిచినచో, రంగు వేసికొన్నదని యెవరును గనిపెట్టలేరు. బాగుగ నిద్రించి లేచినదనుకొందురు. పెండ్లికూతుఱి సంగతి వేఱు. హోమధూమము, అప్పగింతల కన్నీరు, ఫొటోలవారి దీపములు, ఈ మూడింటికిని నిలువవలెను. ఇచట ఫ్లాట్ షేడర్‌ను కొంచెము తడిపి మెఱుగురంగు నద్దినచో రేకులు చక్కగా నంటుకొనును, రాలవు. స్మోకీ యని పేరుబడ్డ పొగవన్నె యలంకారమున కన్నులచుట్టును నలుపును గ్రమ్మజేయుదురు. అందు పనియంతయు బ్లెండింగ్ బ్రష్‌దే, అదియు రెండుండవలెను: ఒకటి నలుపుకు, ఒకటి రంగు తగులని పరిశుభ్రమైనది, అంచులు చెఱపుటకు. రెండవది లేనివారు ఆ యలంకారము జోలికి బోకుండుట మేలు. మా వీథిలో నొక వివాహమున దానిని జూచి వృద్ధు లొకరు "పిల్లకు దెబ్బ తగిలినదా?" యని యడిగిరి.

రంగస్థలము మాట కొంచెము విరివిగా వ్రాయవలసియున్నది. ఈ వ్యాసము వ్రాయుటకు కారణ మదియే. గతసంవత్సరము మావారు పనిచేయు పాఠశాలలో వార్షికోత్సవమునకు 14 మంది బాలికలచే కూచిపూడి నాట్యము చేయించిరి. ముఖములకు రంగులు వేయుటకు పట్టణమునుండి యొకరిని రప్పించిరి. ఆయన తెచ్చినవి రెండే కుంచెలు, కాటుకపుల్ల యొక్కటే. మొదటి పిల్ల కన్నులనుండి పదునాలుగవ పిల్ల కన్నుల వఱకు ఆ మూడే నడచినవి. మూడవనాటికి అయిదుగురు బాలికలకు కండ్లకలక వచ్చినది. అందొకతె పరీక్ష వ్రాయలేక యింట గూర్చుండెను. అది చేతులవలన వచ్చినదో తువాలువలన వచ్చినదో కుంచెవలన వచ్చినదో తేల్చి చెప్పగలవారు లేరు. వైద్యునిచేత మాత్రము, కంటికి దాకినది యేదియు నొకరిది మఱియొకరు వాడరాదని అందఱును చెప్పించుకొనిరి.

ఈ సంవత్సరము ఉపాధ్యాయుల యిండ్ల స్త్రీలనే ఆ పనికి పిలిచిరి. మేమొక్క నియమము పెట్టితిమి: ఏ పిల్ల కుంచెలు ఆ పిల్లవే. ఒక్కొక్కరికి రెండు, చదునుది యొకటి, యేటవాలుది యొకటి. వానిని పేరు వ్రాసిన కాగితపు సంచిలో బెట్టి తేవలెను. "ఒక్కపూట ముచ్చటకు ఇంత వ్యయమా?" యని కొందఱు తల్లు లడిగిరి. న్యాయమైన ప్రశ్నయే. చిల్లరగా కొనక టోకున దెప్పించినచో రెండు కుంచెలును కలిపి 40 రూపాయలకు వచ్చినవి. రంగు మాటయో? పెట్టెలోని పొడిని కడిగిన చెంచాతో గీచి 14 పొట్లములుగా గట్టి యొక్కొక్కరికి నొకటి యిచ్చితిమి. పెట్టెలో నొక్క కుంచెయు దిగలేదు. కాటుక యెవరింటిది వారు దెచ్చుకొనిరి. రంగులు వేయు మా నలుగురును పిల్లపిల్లకు నడుమ చేతులు కడుగుకొంటిమి. రెండు బిందెల నీళ్లు ఖర్చయినవి. ఒక్క కన్నును ఎఱ్ఱబడలేదు.

ఆ పిల్లలలో తొమ్మిదవ తరగతి చదువునది యొకతె యున్నది. పుట్టుకతోనే యామెకు ఎడమకంటి పైఱెప్ప కొంచెము వ్రాలియుండును. పసితనమున తల్లిదండ్రులు కంటివైద్యునికి జూపిరి. ఱెప్ప కనుపాపను గప్పుట లేదు గనుక చూపునకు భయములేదని యాయన చెప్పెను. (కనుపాపను గప్పుచున్నచో మాత్రము, తల్లులారా, పెద్దయిన పిమ్మట చూతమని యాలస్యము చేయకుడు. పసికంటికి వెలుగు సరిగా నందకున్న చూపే వృద్ధిపొందదు.) ఆ బాలిక మాయెదుట గూర్చుండి, "అమ్మగారూ, నాకు రంగెందుకండీ? నన్నెట్లయినను వెనుకవరుసలోనే నిలబెట్టుదురు గదా" యనెను. ఏడ్పులేదు, అలుకలేదు. పాఠమొప్పజెప్పినట్లు చెప్పెను.

ప్రక్కనున్న యొకావిడ, "రెండు కన్నులకును నల్లగా దట్టించినచో నేది చిన్నదో యేది పెద్దదో తెలియదు" అని సలహా యిచ్చిరి. సదుద్దేశముతోనే చెప్పిరి. అది మాకు సమ్మతముగాలేదు. ముదురురంగు దానిని దాల్చిన భాగమును వెనుకకు బోయినట్లు చూపును. చిన్నకన్ను మఱింత చిన్నదగును. అదిగాక, నాట్యమున కన్ను దాచవలసిన వస్తువా? అభినయదర్పణమున నందికేశ్వరుడు దృష్టిభేదములు ఎనిమిదిగా జెప్పెను: సమము, ఆలోకితము, సాచి, ప్రలోకితము, నిమీలితము, ఉల్లోకితము, అనువృత్తము, అవలోకితము. క్రేగంటి చూపునకును నేలచూపునకును గల భేదము మూడవ బెంచీలో గూర్చున్నవారికి దెలియకున్నచో, ఆ పిల్ల రెండేండ్లు చేసిన యభ్యాసము ఎవరికొఱకు? ఱెప్పను మఱుగుపఱచుట గాదు మా పని. కన్ను గనబడునట్లు చేయుట.

మొదట ఆమెను కన్నులు మూయనీయక, తిన్నగా అద్దములోనికి జూడుమంటిమి. కన్ను మూసి వేసిన రంగు తెఱచినపుడు మడతలో మాయమగును. వ్రాలిన ఱెప్పకు మఱియు ముఖ్యముగా. ఎడమకంటి సహజమైన మడతకు కొంచెము పైగా, తెఱచిన కంటికి గనబడుచోట, గోధుమవన్నెను బ్లెండింగ్ బ్రష్‌తో పఱచితిమి. దానికై మా యింట నెవరును వాడని కొత్తకుంచెనే యామెకు ఇచ్చివేసితిమి. ఱెప్ప నడుమ లేత మెఱుగును చదునుకుంచెతో నద్దితిమి. వెలుగుపడిన భాగము ముందునకు వచ్చును. పైగీతను ఏటవాలుకుంచెతో ఎడమకంట నూలుపోగంత సన్నముగాను, కుడికంట రెండు పోగులంత లావుగాను దీసితిమి. క్రిందిఱెప్పకు మాత్రము రెండువైపులను సమముగా దిద్ది కొసలను చెవివైపునకు సాగదీసితిమి. వేదికమీది దీపముల వెలుగు ముఖమునందలి నీడలను మ్రింగివేయును గనుక, ఇంట జూచినపుడు కొంచెము మొఱటుగా దోచిన గీతయే యచట సరిపోవును. మేమైదు గజముల దూరము వెనుకకు బోయి చూచి దిద్దుచుంటిమి. దగ్గఱనుండి చూచి దిద్దిన రంగస్థలాలంకార మొక్కటియు నెగ్గదు.

కుడికన్ను మేము దిద్దగా ఆ పిల్ల చూచుచుండెను. "ఎడమది నన్ను వేసికొననిత్తురా?" యని యడిగి, వేసినదంతయు తడిదూదితో దుడిచి, తానే మొదటినుండి వేసికొనెను. మొదటిసారి గీత వణకినది. రెండవసారి కాలేదు. మూడవసారి మేము వేసినదానికంటె బాగుగ వచ్చినది. తన ఱెప్ప యెచ్చట మడతపడునో తనకంటె నెఱిగినవారెవరు?

ఆ సాయంకాలపు అభ్యాసమున మేము మూడవ బెంచీలో గూర్చుంటిమి. సాచీదృష్టి తెలిసినది. అవలోకితము తెలిసినది. నాట్యము నేర్పు మాస్టరుగారు ఏమియు ననలేదు. మఱునాడు వరుసలు సరిచేయునపుడు ఆమెను వెనుకనుండి రెండవ వరుసకు దెచ్చిరి. మొదటి వరుసకేల తేలేదని మేమడిగితిమి. పొడవునుబట్టి యని వారి సమాధానము. అది నిజమో సాకో మేమెఱుగము. ఆ పిల్ల పొడగరియే యనుట మాత్రము నిజము. ఉత్సవమునాడు తనకన్నులు తానే దిద్దుకొనెను. తరువాత మఱి యిద్దఱు స్నేహితురాండ్రకును దిద్దెను, ఎవరి కుంచెలతో వారికి.

వారము గడచిన పిమ్మట ఆమె తల్లి, కుంచెలను కడుగుట యెట్లని తమ్మునిచేత చీటీ పంపిరి. ఆమెకు వ్రాసి పంపినదే యిచట నెత్తివ్రాయుచున్నాము. పొడి వాడిన కుంచెను వారమున కొకసారియు, తడిరంగు వాడినదానిని వాడిన ప్రతిసారియు కడుగవలెను. గోరువెచ్చని నీరు చాలును. మరగిన నీరు వలదు. కుచ్చుకొన నేలవైపున కుండునట్లు పట్టి, పసిబిడ్డల సబ్బునో పలుచని షాంపూనో అరచేతిలో వేసి, అందు మెల్లగా ద్రిప్పవలెను. నీరు పొన్నులోనికి దిగనీయరాదు. దిగినచో జిగురు కరగి వెండ్రుకలూడును, పిడికఱ్ఱ యుబ్బును. నురుగులో రంగు రాకుండునంతవఱకు కడిగి, వ్రేళ్లతో నీరు దీసి, కుచ్చునకు దాని మొదటి యాకారము నీయవలెను. గ్లాసులో నిలువుగా బెట్టి ఆరబెట్టుట అందఱును చేయునదే. కాని నీరంతయు పొన్నులోనికే దిగును. మడిచిన తువాలుమీద బల్ల యంచున, కుచ్చు అంచు దాటి గాలిలో నుండునట్లు పడుకొనబెట్టవలెను. ఎండలో వలదు, ఫ్యానుగాలి చాలును. రాత్రి కడిగినవి తెల్లవాఱుసరికి ఆరును. వేళ్లకు చెమ్మ తగిలినచో నాడు వాడకుడు. కంటికి ఎఱుపుగాని కురుపుగాని వచ్చియున్న దినములలో వాడిన కుంచెను, 20 రూపాయల కుంచెయే గదా, పాఱవేసి కొత్తది కొనుడు.